పట్టికకెక్కని టీ

పోయిన ఆదివారం కడపలో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. షామియానా కింద బల్ల మీద రెండు టీ డ్రమ్ములు పెట్టి, ఒకదానికి 'షుగర్‌లెస్' అని కాగితం అంటించారు. నా ముందున్న పెద్దమనిషి అందులోంచి కప్పు నింపుకుని, రెండు బిస్కెట్లు ముంచుకు తిని, అడుగున నానిన ముద్దను చూపుడువేలితో తీసి నాకి, అదే వేలితో నెయ్యి కారుతున్న బెల్లం ఓళిగ అందుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి, "షుగర్‌లెస్సే తాగేది నాయనా, శానా జాగ్రత్తగా ఉంటాండా" అన్నాడు. నా కప్పు బల్ల మీదే వదిలేసి బయటికి వచ్చాను. టీ అంటే నాకు అసహ్యం. అది మా పెద్దమామ వల్ల పట్టుకున్న అసహ్యం.

పెద్దమామ అంటే మా అమ్మకు అన్న. కోడుమూరు అవతల ఒక పల్లెలో బుడ్డలు, అదే వేరుశనగ, ఉల్లి పండిస్తాడు. పంటకంటే ఎక్కువ పొద్దు పంచాయితీలకు పెడతాడు. గట్టు జరిగిందన్నా, అన్నదమ్ములకు భాగాలు తెగలేదన్నా, ఇద్దరి ఇళ్లకూ పోయి కూర్చుని సర్దుబాటు చేస్తాడు. నాలుగేళ్ల కిందట ఆయన కుడికాలి చిటికెనవేలికి చెప్పు ఒరుసుకుని పుండయింది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాలు గనుక నొప్పి తెలియలేదు, తెలియలేదు గనుక పట్టించుకోలేదు. నేను పోయి కట్టు విప్పిన రోజు, వానకు తడిసి గోనెసంచిలో మగ్గిన ఉల్లిగడ్డల వాసన వచ్చింది. గడప దాటి వాంతి చేసుకున్నాను. ఆయన మాత్రం "ఏమప్పా ఇంజినీరూ, ఇంత నాజూకైతే ఎట్లా" అని నవ్వాడు. కర్నూలు డాక్టరు నవ్వలేదు. పుండు కడిగి, మందులు రాసి, షుగర్ దిగకపోతే ఇది మానదని, మానకపోతే వేలు తియ్యాలని, అప్పటికీ ఆగకపోతే పాదం దాకా పోవచ్చని చెప్పాడు. మూడు నెలలు చూద్దామన్నాడు.

నాది సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం. ఏ వస్తువు లోపలికి ఎంత పోతే బయటికి ఏమొస్తుందో లెక్కగట్టడమే మా పని. మామ కూడా అంతేననుకున్నాను. వంటింటి గోడకు ఒక పట్టిక అతికించాను. మాత్రలు ఏ పూటవి ఆ పూటే. పొద్దున కొర్రన్నం, కొలత గిన్నెతో. రాత్రికి సంగటి సగం ముద్ద, అందులో కలిపే బియ్యం సగానికి సగం. కూర ఎక్కువ, అన్నం తక్కువ. పుండు కాలి మీద బరువు వద్దు గనుక, కుర్చీలో కూర్చునే చేతుల వ్యాయామం పావుగంట. పాదం కడిగాక వేళ్ల సందులు పొడిబట్టతో తుడవాలి. అత్త చదివింది ఐదో తరగతే అయినా, మా ల్యాబులో ఎవరూ నింపనంత శుభ్రంగా ఆ గళ్లు నింపింది. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు.

నెల తిరిగినా షుగర్ దిగలేదు. మొదట షుగర్ చూసే మిషన్ను అనుమానించి ఇంకోటి తెచ్చాను. తర్వాత అత్తను అనుమానించాను. ఆమె స్నానానికి పోయినప్పుడు కొర్రల డబ్బాలో చెయ్యి పెట్టి బియ్యం కలిపిందేమోనని వెతికాను. ఈ కథలో నాకు నా మీదే అసహ్యం కలిగే చోటు ఇదొకటి.

చివరికి సెలవు పెట్టి, ఒక రోజంతా మామను బండి మీద నేనే తిప్పాను. మొదటి ఇంట్లో టీ. రెండో ఇంట్లో టీ. మా వైపు టీ చక్కెరను తడపడానికే కాస్తారు. గ్లాసు అడుగున వేలెడు చక్కెర కరగకుండా నిలుస్తుంది. పైన మీగడ ముడతలు పడి వేలాడుతుంది. ఒక గ్లాసులో ఈగ పడితే మామ గోటితో తీసి గోడకు విదిలించి మిగతాది తాగాడు. మధ్యాహ్నానికి నా చిన్న పుస్తకంలో తొమ్మిది టీలు ఎక్కాయి. ఇవన్నీ ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తినేది రాయమంటివి, రాపించినా. టీ తినేది కాదు గదరా అల్లుడూ. మర్యాద."

పదో టీ కోసం పోయిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. కాలవ నీళ్ల దగ్గర మొదలైన తగవుతో వాళ్లకూ మాకూ పంతొమ్మిదేళ్లు మాటల్లేవు, ఆ ఇంటి నీళ్లు మావాళ్లు ముట్టలేదు. అప్పటికి రెండేళ్ల ముందే రాజీ అయింది. మా పల్లెల్లో రాజీకి కాగితం ఉండదు. ఒకరింట్లో ఒకరు తాగడమే రాజీ. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ, గ్లాసు మామ ముందుకు రాగానే అరచెయ్యి అడ్డం పెట్టి, "మామకు వద్దండి, షుగర్" అన్నాను. ఆ ఇంటి పెద్దాయన నన్ను చూడలేదు, మామనే చూశాడు. "ఏమప్పా, మళ్లా మా ఇంట్లో తాగనీకి భయమైతాండాదా?"

మామ నా చేతిని మెల్లగా పక్కకు జరిపి గ్లాసు ఎత్తి ఖాళీ చేశాడు. నేను చేసిన మర్యాద తక్కువ పని సరిచెయ్యడానికి ఇంకో గ్లాసు అడిగి అదీ తాగాడు. అడుగు చక్కెరను వేలితో తీసి చప్పరించాడు. అరుగు మీద చాచిన కాలి కట్టు చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. మీసానికి తీపి, కాలికి చీము.

ఇంటికొచ్చాక అత్తతో చెప్పాను. ఆమెకు టీల సంగతి ముందే తెలుసు. "మీ మామ కాలు పోతే చూసేకి ఊరంతా వస్తాది. వాళ్లకు మళ్లీ నేనే టీ కాయాల" అంది. మర్నాడు పొద్దున, ఇరవయ్యొక్క ఏళ్లలో మొదటిసారి, అత్త తనంత తానే ఆ ఇంటికి నడిచి వెళ్లింది. మగవాళ్ల వైపు పోకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి ఆ ఇంటావిడతో మాట్లాడింది. తర్వాత మిగతా ఇళ్లకూ పోయింది. ఏ ఇంటి వసారాకూ ఈ సంగతి చేరలేదు. వారం తిరక్కముందే మామ విసుక్కోవడం మొదలుపెట్టాడు. "ఈ నడుమ ఊర్లో ఎవురికీ టీ కాసేది చేత కాకుండా పోయిండాది. యాడ జూసినా చప్పగుండాది." అయినా మర్యాదకు తాగుతూనే వచ్చాడు. షుగర్ దిగడం మొదలైంది.

కానీ నెలన్నర అప్పటికే పోయింది. ఎముకకు చెడు ఎక్కిందని మూడో నెల చివర డాక్టరు చిటికెనవేలు తీసేశాడు. పాదం దక్కింది. మామ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆ పదో టీ ఇంటి పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. కట్టు వైపు చూసి, "వేలు తీసేదాకా వస్తాదని ముందే చెప్పింటే పొయ్యకుందుము గదప్పా" అన్నాడు.

"చెప్పింటే నమ్ముతాంటివా?" అన్నాడు మామ.

పెద్దాయన "నమ్మేటోన్ని కాదులే" అన్నాడు.

మామ వంటింటి గోడ మీద పట్టిక ఇంకా ఉంది, ఒక్క గడి ఖాళీ లేకుండా. రెండు ఇళ్ల మధ్య చేదు విరగడానికి కాలం పంతొమ్మిదేళ్లు ఓపిక పట్టింది, ఒక చిటికెనవేలి కోసం మాత్రం మూడు నెలలకు మించి ఆగలేదు.