బొటనవేళ్ళ పాఠం

మాస్టారు పోయారన్న కబురు నాకు స్టాఫ్‌రూమ్‌లో అందింది. రెండో పీరియడ్ బెల్ కొట్టబోతుండగా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మన సోషల్ మాస్టారు పొద్దున్నే పోయారంట. కాఫీ తాగి, పేపర్ చూస్తా చూస్తా కుర్చీలోనే ఒరిగిపోయారంట. బయల్దేరతావా?" అన్నాడు. వస్తున్నానన్నాను. ఏడుపు రావాల్సిన సమయంలో నాకు భయం పట్టుకుంది. ఆయనకు నేనొక అబద్ధం చెప్పాను, దాన్ని ఒప్పుకోవడానికి ఇక మనిషి లేడు. ముందు తట్టింది అదే. ఆయన్ని తలుచుకుందామని కూర్చుని ఆ భయాన్ని దాచేస్తే ఎలా? ఆయనైతే ఊరుకోరు.

మాది కంకిపాడు దాటాక కాలువ వెంట వచ్చే చేనేత పేట. అక్కడి హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవారు. పుస్తకంలో ఉన్నది సగం పీరియడ్‌లో ముగించి, మిగతా సగం మమ్మల్ని "బయటి ఊళ్ళకు" తీసుకెళ్ళేవారు. ఈజిప్టు, రోము, చైనా, అన్నీ ఆయన భాషలో బయటి ఊళ్ళే. ప్రయాణం మాత్రం ఎప్పుడూ మా పేట నుంచే మొదలయ్యేది. ఎవడో ఒకడి చొక్కా కాలరు పట్టుకుని, "ఈ గుడ్డ ఎంత దూరం నడిచిందో తెలుసట్రా?" అని అడిగేవారు. మన వైపు నేసిన బట్ట బందరు రేవులో ఓడెక్కి పర్షియా దాకా, జావా దాకా వెళ్ళిందని చెబుతుంటే, కాలువ గట్టు దాటి ఎరగని మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

ఆయన భుజాన మా నాన్న నేసిన తువ్వాలు ఉండేది. బోర్డు తుడిచేదీ దానితోనే, మొహం తుడుచుకునేదీ దానితోనే. పీరియడ్ అయ్యేసరికి మొహమంతా సుద్దపొడి. మేం నవ్వితే, "నవ్వండి నవ్వండి, రోములో విగ్రహాలు ఇలాగే ఉంటాయి" అనేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయన తన రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించారు. ఢాకాలో మస్లిన్ నేసేవాళ్ళుండేవారని, వాళ్ళు నేసిన చీర ఉంగరంలోంచి దూరిపోయేదని చెప్పారు. "అంత పనితనం చూసి ఓర్వలేక, కంపెనీ దొరలు వాళ్ళ బొటనవేళ్ళు కోయించేశారు" అన్నారు. క్లాసులో దాదాపు అందరం నేతవాళ్ళ పిల్లలమే. ఎవరూ చెప్పకుండానే అందరం వేళ్ళు పిడికిట్లో దాచుకున్నాం.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా సొసైటీ గుమాస్తా. నేసిన బట్ట చూడడానికి వచ్చాడు. కొసల్లో వేలాడే పోగులు కత్తిరించడానికి సంచిలోంచి కత్తెర తీశాడు. నాన్న బట్ట పట్టుకుని చెయ్యి ముందుకు చాపాడు. అంతే, కెవ్వున అరిచి వెళ్ళి గుమాస్తా చెయ్యి కొరికాను. "ఏం పుట్టిందే నీకు?" అని నాన్న నా వీపు మీద ఒక్కటిచ్చాడు. వెక్కుతూ సంగతి చెబితే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. గుమాస్తా వెళ్ళాక మాత్రం నాన్న తన వేళ్ళను కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో ఎవరు కత్తెర తీసినా నేను నాన్న పక్కకు వెళ్ళి కూర్చునేదాన్ని.

మర్నాడు నాన్న బడికెళ్ళి, "పిల్ల జడుసుకుంటందండీ మాస్టారూ" అన్నాడట. మాస్టారు నవ్వేసి, "జడుసుకుంటే మరిచిపోదులేవయ్యా" అన్నారట. ఆ మాట ఆయన్ని ఎంత వేధించిందో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

అప్పటికి నేను విజయవాడలో సోషల్ టీచర్ని. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఒక మధ్యాహ్నం బెల్ మోగితే తలుపు తీశాను. లిఫ్టు పని చేయక మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ నిలబడి ఉన్నారు. చంకలో ఒక పాత నోట్‌బుక్కు. కూర్చోమంటే వద్దన్నారు.

"ఒక్క నిమిషం చాలమ్మా. ఏడో తరగతిలో మీకు తప్పు చెప్పాను. వేళ్ళు కోయించారనడానికి నాకు గట్టి ఆధారం దొరకలేదు. ఆ రోజుల్లో ఒక వర్తకుడు రాసింది ఉంది. పట్టుదారం తీసేవాళ్ళు బలవంతపు చాకిరీ తప్పించుకోడానికి తమ వేళ్ళు తామే కోసుకున్నారని. అదీ ఒక్కడి మాటే. ఆ నోటా ఈ నోటా పడి నా దగ్గరకొచ్చేసరికి కత్తి చేతులు మారింది."

"ఇన్నేళ్ళ తర్వాత దీనికోసం వచ్చారా మాస్టారూ?"

"జరిగిన అన్యాయం తక్కువా అమ్మా? ధర వాళ్ళే కట్టారు, ఇంకొకరికి అమ్ముకోనివ్వలేదు, చివరికి మిల్లు గుడ్డ తెచ్చి మగ్గం కడుపు కొట్టారు. ఇది చాలదని నేను నెత్తురు కలిపాను. పసిపిల్లల్ని భయపెట్టాను."

తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వూ ఈ కథ చెబుతున్నావా?" అని అడిగారు. చెబుతున్నానన్నాను. "మరి వాళ్ళకి మళ్ళీ చెప్పాలి కదమ్మా" అని, మంచినీళ్ళు తాగి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆయనకు తెలియనిదేమిటంటే, నా పాఠానికి ఉన్న పేరంతా ఆ కథ వల్లే. "దాచుకోండర్రా!" అని నేను అరిస్తే పిల్లలందరూ ఒక్కసారిగా బొటనవేళ్ళు పిడికిట్లో దాచుకోవాలి. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు చప్పట్లు కొట్టారు. అలాంటి పాఠం తప్పని నా నోటితో ఎలా చెప్పను? ఒక్కటి తప్పంటే మిగతావి నమ్ముతారా? చెప్పలేదు. పైగా మరుసటి ఏడాది కూడా అదే కథ, అదే అరుపు. మధ్యలో ఆయన ఫోన్ చేసి, "చెప్పావా అమ్మా?" అని అడిగారు.

"చెప్పానండి."

"భయమేసిందా?"

"లేదండీ."

"నాకు వేసింది. ప్రతి గుమ్మం దగ్గరా వేసింది" అన్నారు.

అంత్యక్రియలు అయ్యాక ఆయన భార్య, మేం అమ్మగారూ అని పిలిచే ఆవిడ, ఆ నోట్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకిస్తే బాగుంటుందమ్మా. వచ్చినవాళ్ళందరికీ నీ గురించి చెప్పేవారు" అన్నారు. అందులో బ్యాచీల వారీగా మా అందరి పేర్లు. ఎవరింటికి వెళ్ళి తన తప్పు చెప్పుకున్నారో వాళ్ళ పేరు పక్కన టిక్కు. కొన్నిటి పక్కన చిన్న అక్షరాలు: "గన్నవరం, తలుపు తియ్యలేదు, మళ్ళీ వెళ్ళాలి." "మైలవరం, నవ్వి పంపించాడు." నా పేరు దగ్గర వేలు ఆగిపోయింది. "తన పిల్లలకూ చెప్పింది. నాకంటే ధైర్యం." అమ్మగారు నా వైపే చూస్తున్నారు. వెళ్ళొస్తానన్నాను. ఆ పుస్తకం గుండెకు అదుముకుని బస్సెక్కాను.

సోమవారం ఏడో తరగతి గుమ్మం దగ్గర నాకూ భయమేసింది. "బొటనవేళ్ళ కథ గుర్తుందా?" అన్నానో లేదో, అలవాటు కొద్దీ అందరూ వేళ్ళు దాచేసుకున్నారు. ఆ పిడికిళ్ళను చూస్తూనే నేను చెప్పింది తప్పన్నాను. మాస్టారు చెప్పినదంతా చెప్పాను. తెలిసి కూడా దాచానని కూడా చెప్పాను.

ముందు బెంచీ కుర్రాడు లేచాడు. "అయితే మిగతావి కూడా అబద్ధాలేనా టీచర్?"

ఇన్నేళ్ళూ నేను భయపడ్డ ప్రశ్న అదే. "అడుగు నాన్నా. ఎవరు చూశారు, ఎవరు రాశారు అని ప్రతి పాఠానికీ అడుగు. నాకు తెలియకపోతే తెలియదని చెబుతాను" అన్నాను. ఒక్కొక్కరే చేతులు వదులు చేసుకుని నోట్సు తీశారు.

చివరి బెంచీలో ఒక అమ్మాయి మాత్రం పిడికిలి విప్పలేదు. వాళ్ళ నాన్న కూడా మగ్గం మీద పని చేస్తాడు. దగ్గరకెళ్ళి, "కొయ్యలేదమ్మా, ఎవరూ కొయ్యరు" అన్నాను. తలూపింది. పిల్లలు రాసుకుంటుంటే, నోట్‌బుక్కులో మాస్టారి రాత ఆగిన చోట కొత్త పేజీ తిప్పి ఆ క్లాసు పిల్లల పేర్లన్నీ రాసి, టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను. బెల్ కొట్టాక తల ఎత్తి చూస్తే ఆ అమ్మాయి గుమ్మం దాటుతోంది. సంచీ ఒక భుజాన వేలాడుతోంది, రెండో చేతిలో బొటనవేలు ఇంకా పిడికిట్లోనే ఉంది. ఆ పేరు పక్కన టిక్కు పెట్టలేదు.