లింగప్ప పరిచిన తెల్లగుడ్డలు

పెనుకొండ కొండ పడమటి వాలులో గొర్రెలు మేపుకునే లింగప్పకు మొదట్లో విమానమంటే ముచ్చటే. అది కొండ మీదుగా పోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని కనుమరుగయ్యేదాకా చూసేవాడు. హిందూపురంలో నూనెమిల్లు ఉన్న వాళ్ల కొడుకు తిమ్మరాజుదట. మద్రాసులో నడపడం నేర్చుకుని, ఇద్దరు కూర్చునే చిన్న విమానం కొన్నాడట. ధర్మవరం దాకా సరదాగా పోయి వస్తుంటాడట. లింగప్పకు తెలిసింది అంతే.

1936 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ విమానం ఉన్నట్టుండి మంద మీదికి దూకింది. తుమ్మకొమ్మలు ఊగిపోయేంత కిందికి వచ్చి పైకి లేచింది. పోయిందనుకుంటే తిరిగి మళ్లీ వచ్చింది. లింగప్ప కంబళి నెత్తిన కప్పుకుని నేల కరుచుకున్నాడు. బెదిరిన గొర్రెలు బండల అంచు వైపు పరుగు తీశాయి. తమ్ముడు ఆదెప్ప ఒక్కడే వాటికి అడ్డం పోయాడు. మంద అతన్ని తోసుకుంటూ బండల మీంచి కిందికి రాలింది.

సగం మంద పోయింది. ఆదెప్ప తుంటి విరిగింది. కట్టు కట్టించినా ఎముక వంకరగా అతుక్కుని, కట్టె లేకుండా అడుగు పడని స్థితికి వచ్చాడు. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. ఆదెప్ప ఎవరినీ ఏమీ అనలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్ని వడుక్కుంటూ ఉండిపోయాడు. తమ్ముడు అడ్డం పోయినప్పుడు తాను పడుకుని ఉన్నానన్న మాట లింగప్పను లోపల కొరుకుతూ వచ్చింది.

కొన్నాళ్లకు మిగిలిన పొట్టేళ్లను అమ్మడానికి హిందూపురం సంతకు పోయాడు. కాఫీహోటలు ముందు కారుకు ఆనుకుని తిమ్మరాజు స్నేహితులకు కథ చెబుతున్నాడు. గొర్రెలు ఎట్లా ఉరికాయో, కాపరి కంబళి ముసుగేసుకుని ఎట్లా బోర్లా పడ్డాడో చేతులు ఊపుతూ చూపించాడు. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. లింగప్ప పొట్టేళ్ల తాళ్లు పట్టుకుని పక్కనే నిలబడి అంతా విన్నాడు. అప్పుడే ముందుకు పోయి తమ్ముడి సంగతి చెప్పవచ్చు. చెబితే తిమ్మరాజు అయ్యో అంటాడు. ఆ అయ్యోతో అంతా చెల్లిపోతుంది. అట్లా చెల్లిపోవడం లింగప్పకు ఇష్టం లేకపోయింది.

మరుసటి నెలలోనే తిమ్మరాజు విమానం దించుకునే బీడు దగ్గర లింగప్ప కాపలా పనికి కుదిరాడు. రాళ్లు ఏరడం, పశువులను తోలడం, విమానం వచ్చే వేళకు తెల్లగుడ్డలు పరచడం అతని పని. విమానం గాలికి ఎదురుగా దిగాలని, గాలి వెనకనుంచి తోస్తే నేల మీద పడ్డాక ఆగదని మొదటి రోజే చెప్పారు. ఏ కొసనుంచి దిగాలో ఆ గుడ్డలే పైవాడికి చూపిస్తాయి. బీడుకు పడమటి చివర వానకాలంలో పారే లోతైన వంక ఉంది.

తిమ్మరాజు అతన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆనాడు అతని ముఖం చూస్తే కదా.

బెంగళూరునుంచి గోవిందప్ప అనే మరో పైలట్ తన విమానంలో వస్తుండేవాడు. ఇద్దరూ రెక్క నీడన కూర్చుని, చావు తప్పించుకున్న సంగతులు చెప్పుకుని నవ్వుకునేవారు. దారి తప్పిన గోవిందప్ప రైలుపట్టాల వెంట పోయి, స్టేషను పేరు చదువుదామని కిందికి దిగితే, స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపాడట. ఇంకోసారి పొలంలో దిగితే ఆంబోతు తరిమి రెక్క ఎక్కించిందట. లింగప్పకు కూడా నవ్వు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ తమ్ముడి కట్టె గుర్తు చేసుకుని మింగేసేవాడు.

గోవిందప్ప నవ్వినా జాగ్రత్త మనిషి. దిగేముందు ఒక చుట్టు తిరిగి చెట్లూ దుమ్మూ చూసుకోమని, గుడ్డలను నమ్ముకోవద్దని తిమ్మరాజుకు చెబుతూనే ఉండేవాడు. తిమ్మరాజు కొట్టిపారేసేవాడు. లింగప్ప ఉండగా తనకు గాలితో పనేమిటనేవాడు. ఆ మాట విన్నాక ఏం చేయాలో లింగప్పకు తెలిసిపోయింది. అయినా తొందరపడలేదు. ఇంకా నమ్మనిచ్చాడు. రెండేళ్లు గుడ్డలు సరిగా పరిచాడు.

1939 వేసవిలో తూర్పుగాలి బలంగా కొడుతున్న ఒక రోజు, తిమ్మరాజు ధర్మవరంనుంచి ఒక్కడే వస్తున్నాడని కబురు అందింది. లింగప్ప గాలి వెనకనుంచి తోసేలా గుడ్డలు తిప్పి పరిచి గట్టు మీద కూర్చున్నాడు. విమానం చుట్టు తిరగలేదు. గుడ్డలు చూపిన ప్రకారం నేరుగా దిగింది. చక్రాలు నేల తాకాయి కానీ పరుగు తగ్గలేదు. లింగప్ప ముందునుంచే పోయి వంక అంచులో ముక్కు గుచ్చుకుని వెల్లకిలా తిరగబడింది.

లింగప్ప పరుగెత్తలేదు. నడుచుకుంటూ పోయి చూస్తే, తిమ్మరాజు నడుముపట్టీకి తలకిందులుగా వేలాడుతున్నాడు. కుడిభుజం జారి చెయ్యి ఊడినట్టు ఊగుతోంది. పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. పట్టీ విప్పమని అతను మూలిగాడు.

లింగప్ప ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అన్నాళ్లూ సామీ అని పిలిచిన నోటితోనే ఇప్పుడు, "ఇప్పుతా. ముందు ఆ గొర్రెల కత చెప్పప్పా. కాపీహోటలు ముందర చెప్పినావే, అది," అన్నాడు.

"ఏ గొర్రెలు?"

"పెనుకొండవి. కంబళి కప్పుకోని పడుకున్నోణ్ని నేనే. అడ్డం పోయినోడు నా తమ్ముడు. ఇప్పుడు కట్టె పట్టుకోని నడుస్తాండాడు."

తిమ్మరాజు తల తిప్పి ఆ ముఖాన్ని పరికించి చూశాడు. తర్వాత, "తెలిసే గుడ్డలు తిప్పి ఏసినావా?" అని అడిగాడు.

"తెలిసే ఏసినా. కత చెప్పు."

తిమ్మరాజు చెప్పాడు. మధ్యలో ఏడ్చాడు, మధ్యలో ఆగాడు. ఆగిన చోటల్లా లింగప్ప తర్వాతేమైందని అడిగాడు. కాపరి బోర్లా పడ్డ ఘట్టం కూడా చెప్పించాకే కొడవలి తీసి పట్టీ కోసి, బయటికి లాగాడు.

సాయంత్రానికి గోవిందప్ప వచ్చాడు. గాలి ఉన్నట్టుండి తిరిగిందని తిమ్మరాజు అతనితో అన్నాడు. నిజం చెబితే గొర్రెల సంగతీ చెప్పాల్సి వస్తుంది. గోవిందప్ప తూర్పుగాలికి ఊగుతున్న చెట్లను చూశాడు, ఇంకా తీయని గుడ్డలను చూశాడు, లింగప్పను చూశాడు. "దిగేముందు చుట్టు తిరిగినావా?" అని మాత్రం తిమ్మరాజును అడిగాడు.

లింగప్ప పెనుకొండకు వచ్చి తమ్ముడికి మొదటినుంచీ చెప్పాడు. ఆదెప్ప కదురు పక్కన పెట్టాడు.

"నా కాలు పేరు చెప్పుకోని చేసినావు. నన్నొక మాట అడిగింటే ఏం పోయె?"

"అడిగింటే వద్దనేవాడివి."

"అనేవాణ్ని కాదన్నా. నేనూ వచ్చి ఆడ కూచునేవాణ్ని."

తిమ్మరాజు చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. ఆ ఏడే యుద్ధం రావడంతో సరదా విమానాలు ఆగిపోయాయి. అతను మిల్లు చూసుకుంటూ ఉండిపోయాడు. ఒక రోజు ఆదెప్ప చెప్పకుండా రైలెక్కి హిందూపురం పోయి, మిల్లు ఎదురుగా పొద్దంతా నిలబడి వచ్చాడు. ఏం చూసినావని లింగప్ప అడిగాడు.

"కారు తలుపు ఎడమచేత్తో తీస్తాండాడు," అన్నాడు ఆదెప్ప.

ఆ పూట అన్నదమ్ములిద్దరూ సంగటి మారు వడ్డించుకుని తిన్నారు.