నెల మాసికం, నెల గడువు

పంతొమ్మిది వందల అరవై రెండులో నన్ను గూడూరుకు సహాయ వాణిజ్య పన్నుల అధికారిగా వేశారు. పేరు పొడుగే గాని హోదా చిన్నది. చిన్న వర్తకుల లెక్కలు చూసి పన్ను నిర్ణయించడం నా పని. కోట వైపు ఇసకనేలల్లో పండే వేరుశనగను ఆడించే నూనె మిల్లులు నా పరిధిలో చాలా ఉండేవి. ఆ మిల్లులవాళ్లతో తగాదా లేని వారం ఉండేది కాదు.

తగాదా ఎక్కడ వచ్చేదో చెప్పాలి. కాయ కొన్నప్పుడు మిల్లువాడు పన్ను కట్టాలి. అదే కాయ నూనె అయ్యాక, నూనె అమ్మినప్పుడు మళ్లీ పన్ను. ఒకే సరుకు మీద రెండుసార్లు పడకుండా అప్పటి నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉండేది. నూనె తయారీదారుగా రిజిస్టరైనవాడు, పన్ను కట్టి కొన్న కాయను తన మిల్లులో ఆడిస్తే, ఆ కాయ విలువను నూనె అమ్మకాల్లోంచి తగ్గించి మిగిలినదానికే పన్ను కట్టొచ్చు. వ్యాట్ వచ్చాక ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది. మేం అప్పుడే దానితో తలలు పగలగొట్టుకున్నాం.

ఈ మినహాయింపు హక్కు కాయ కొన్ననాడు రాదు, పన్ను కట్టిననాడూ రాదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాడి చేతిలో కాయ ఆడిననాడు వస్తుంది. ఈ మాట చెబితే ఏ మిల్లువాడికీ రుచించేది కాదు.

మనుబోలు దగ్గర వెంకటసుబ్బయ్య అనే ఆయనకు ఒక చిన్న నూనె మిల్లు ఉండేది. కొట్టు నిండా కాయ కొని, పన్ను కట్టి, ఆడించకముందే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. మిల్లు భార్య పెంచలమ్మ చేతికొచ్చింది. యజమాని పోతే వారసులు నెలలోపల సంతకం చేసిన దరఖాస్తు మాకిచ్చి రిజిస్ట్రేషన్ తమ పేరుకు మార్పించుకోవాలి. ఆ నెలపాటు పోయినవాడి రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. దాటితే చెల్లదు.

ఆ ఇంటివాళ్లలో ఇంకో కట్టుబాటు ఉంది. యజమాని పోతే నెల మాసికం పెట్టేదాకా ఆయన మిల్లు తిప్పరు. సముద్రపు గాలికి కాయ చెమ్మగిల్లి బూజు పడుతోందని మరిది రమణయ్య మొత్తుకున్నా ఆమె తాళంచెవి ఇవ్వలేదట. మాసికం అయ్యాక తాళం తీసింది, బాగున్న కాయంతా ఆడించింది, నూనె అమ్మింది. ఆ తర్వాత ఆఫీసుకు వచ్చారు. కాయ ఆడేనాటికే మా గడువు కూడా దాటిపోయింది.

విచారణకు వదినా మరిదీ ఇద్దరూ వచ్చారు. భర్త పోయిన ఏడాది తిరక్కుండా ఆడమనిషి గడప దాటి సర్కారు ఆఫీసుకు రావడం ఆ రోజుల్లో మాటలు పడే పనే. ఆమె తల దించుకోలేదు. సంగతి విప్పి చెప్పాను: మిల్లు ఆ నెలలోపల ఆడి ఉంటే మినహాయింపు వస్తుంది, తర్వాత ఆడిందైతే రాదు. రాకపోతే నూనె మొత్తానికి పన్ను కట్టాలి. అలా కడితే వచ్చే పంటకు కాయ కొనే పెట్టుబడి మిగలదని, మిల్లు మూసుకోవాల్సిందేనని రమణయ్య గోల పెట్టాడు.

వెంటనే మాట మార్చేశాడు. పదో రోజు కాగానే మిల్లు తిప్పామని, నెలలోపలే ఆడించడం అయిపోయిందని వాంగ్మూలం ఇచ్చాడు. అది అబద్ధమని నాకు తెలుసు, గుమాస్తాకీ తెలుసు. అయినా ఎవరు ఏం చెబితే అది రాసుకోవడం నా విధి. రాసి, చదివి వినిపించి, మిల్లు ఆమెది గనుక సంతకానికి ఆమె ముందు పెట్టాను.

ఆమె కలం ముట్టుకోలేదు.

“ఇదేంది రమణయ్యా? మాసికం గాకముందే మీయన్న మిల్లు తిప్పినానని నన్ను సంతకం జెయ్యమంటావా?”

“కాయితంలోనే గదా వదినా! ఊళ్లో ఎవరికి తెలస్తది? మిల్లు పోతే నువ్వేం తింటావు?”

“కూలికి తిప్పుకుంటా. ఆయన కోసం ఆ ఒక్కటే చేసినాను నేను. అది చెయ్యలేదని రాసిస్తానా?”

తర్వాత నా వైపు తిరిగింది. “మిల్లు తిప్పకూడదన్నారు, తిప్పలేదు. సంతకం జెయ్యగూడదని ఎవరూ అన్లేదే సారూ! పరామర్శకు ఊరంతా వచ్చినారు. మీకు పన్ను కట్టే షావుకార్లందరూ వచ్చి కూర్చుని పోయినారు. ఇట్టా ఒక దరఖాస్తు ఉండాదని ఒక్క మనిషన్నా చెప్పినాడా?”

ఎవరూ చెప్పి ఉండరు. మైల ఇంట్లో వ్యాపారం మాట ఎత్తడం తప్పని అందరికీ తెలుసు. ఆ వాంగ్మూలం కొట్టేసి ఆమె చెప్పినట్టు మళ్లీ రాశాను. మినహాయింపు తోసిపుచ్చుతూ ఉత్తర్వు ఇచ్చాను. వేరే దారి ఉందేమోనని నిబంధనలు తిరగేశాను, పైఅధికారిని అడిగాను. లేదు.

ఆమె పన్ను కట్టింది, అదే రోజు తన పేర రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టింది. మరుసటి పంటకు అన్నమాట ప్రకారం రైతుల కాయను కూలికి ఆడించింది. ఆ పైయేడు సొంతంగా కాయ కొని, మినహాయింపు కోరింది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఇచ్చాను, ఎందుకంటే వేయడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, వర్తకుడెవరైనా పోయాడని తెలిస్తే పదో రోజు లోపలే ఆ ఇంటికి దరఖాస్తు పట్టుకుని వెళ్లేవాణ్ణి. బూడిద చల్లారకముందే పన్నులాయన వచ్చాడని తిట్టారు. ఒక ఊళ్లో గడపలోంచే పొమ్మన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లాను.

పన్ను కట్టడం వేరు, దాన్ని తగ్గించుకునే హక్కు రావడం వేరు అని చట్టం చదివినవాడు ఎవడైనా చెబుతాడు. మైల ఇంట్లో వ్యాపారం మాట ఎత్తకపోవడం మర్యాదే, కాదనను. కాని ఆ నెలలో పెంచలమ్మకు కావలసింది ఆ మాటొక్కటే.