డబ్బాలోని బ్యాడ్జీలు

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను లాండ్రీ అక్క అనేవాళ్లు. ఇరవై ఆరేళ్లు అక్కడ పనివాళ్ల తెల్లబట్టలు ఉతికింది. ఉతికిన ప్రతి జతనూ బల్ల మీద పరిచి, రేడియేషన్ పట్టే మీటరు గొట్టాన్ని చంకల నుంచి మోకాళ్ల దాకా మెల్లగా నడిపేది. మీటరు టకటకమంటే బట్ట మళ్లీ తొట్టిలోకి. మూడుసార్లు ఉతికినా వదలకపోతే, పాతిపెట్టే డ్రమ్ములోకి.

లోపల ఏం తయారవుతోందో ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం రేడియో చెప్పింది. భూమి అడుగున బాంబు పేల్చి చూశారట. దేశం తలెత్తుకుందట. మిఠాయి పంచారు.

"మనం ఉతికింది దీనికా?" అంది పక్క తొట్టి ఆవిడ.

"మరి, పెళ్లివారి బట్టలనుకున్నావా?" అంది అక్క.

ఆమె తమ్ముడు అక్కడే లేత్ మీద బాంబులో పెట్టే లోహాన్ని చెక్కేవాడు. చెక్కేవాళ్లంతా ఛాతీకి బ్యాడ్జీ పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అందులోని ఫిల్ము చెబుతుంది. హద్దు దాటినవాణ్ని మూడు నెలలు బయట గడ్డి కోయడానికి పంపేవాళ్లు. వాణ్ని చూసి అందరూ నవ్వేవాళ్లు. అందుకని పని ఎక్కువున్న నెలల్లో రోజూ బ్యాడ్జీలు తీసి అక్క చేతిలో పెట్టేవాళ్లు. ఆమె వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసి, దూరంగా టీ గది అటక మీద దాచేది. సాయంత్రం ఎవరిది వాళ్లకు ఇచ్చేసేది. తమ్ముడిది అడిగి మరీ తీసుకునేది. వాడు నలుగురిలో నవ్వులపాలు కావడం ఆమెకు ఇష్టం లేదు.

ఇప్పుడు వాడికి యాభై రెండు. ఒంట్లో రక్తం తయారవడం లేదు. పని వల్ల వచ్చిన జబ్బని ఫ్యాక్టరీ వైద్య బోర్డు ఒప్పుకుంటేనే పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారు. బోర్డు పాత కాగితాలు తిరగేసింది. పనెక్కువున్న నెలలన్నిటా సున్నాలే. ఇక జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగింది.

"నేను వెళ్లి చెప్తాన్రా," అంది అక్క.

"ఏం చెప్తావ్? లోపలి సంగతులు బయటపెట్టబోమని సంతకాలు చేశాం. నిన్ను జైల్లో వేస్తారు."

"అక్కడైతే ఎవరో ఒకరు వండి పెడతారు. నీకు వండి వండి విసుగొచ్చింది."

"నవ్వించకక్కా, ఆయాసమొస్తుంది."

"ఆ డబ్బా నేను పట్టకపోతే..."

"ఇచ్చింది మేమే కదా."

ఆమె వాడి దుప్పటి సరిచేసి బస్సెక్కింది.

బోర్డు గదిలో ఒక డాక్టరు, ఒక గుమాస్తా ఉన్నారు. ఆమె డబ్బా సంగతి, అటక సంగతి అన్నీ చెప్పింది.

"అది తప్పని తెలీదా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"తెలుసండి. వాళ్లకి మేలు చేస్తున్నాననుకున్నాను."

"ఎంతమందివి దాచారు?"

"పధ్నాలుగు మందివి. తొమ్మిదిమంది పోయారు."

గుమాస్తా ఆ రెండు అంకెలూ టైపు చేశాడు. డాక్టరు తమ్ముడి కాగితంలోని సున్నాలను వరసగా కొట్టేసి, పక్కన 'కొలత లేదు' అని రాశాడు. కొలత లేనివాడి జబ్బు పని వల్లే వచ్చిందనుకోవాలని రూలుందన్నాడు. తర్వాత అడిగాడు:

"మరి మీ బ్యాడ్జీలో ఎంతుండేది?"

"నాకివ్వలేదండి. బట్టలుతికేవాళ్లకెందుకన్నారు."

డాక్టరు సొరుగులోంచి తమ్ముడి కాగితం లాంటిదే ఇంకో ఖాళీ ఫారం తీశాడు.

"మీ పేరు చెప్పండమ్మా."

"ముందు వాడి దాని మీద సంతకం చెయ్యండి బాబూ. ఆసుపత్రిలో చేర్చుకునే కిటికీ నాలుగింటికి మూసేస్తారు."