తొట్టెలలో ముందు పండిన రాయి

ఒక స్ప్రింగు నా పరువును ఇంటి కప్పు దాకా ఎలా ఎగరేసిందో చెబుతాను. నవ్వండి కానీ, కాస్త జాలి కూడా మిగుల్చుకోండి.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. పన్నెండో తరగతిలో నాకు ఐశ్వర్యం రాలేదు, ఫార్ములా వచ్చింది. స్ప్రింగు రెండింతలు సాగాలంటే నాలుగింతల పని పడుతుందని కనిపించిన ప్రతివారికీ చెప్పేవాణ్ని. సరిగ్గా అప్పుడే నాందేడ్‌లో మా ఇంట్లో అక్క కొడుకు బారసాల వచ్చింది.

"గోకుందల ఉండే మా అత్తమ్మ అస్తది. నా ఇజ్జత్ తియ్యకురా తమ్మీ, తొట్టెల మంచిగ కట్టు," అంది అక్క.

"స్ప్రింగు తొట్టెలే కడ్త అక్కా! లెక్కజేసి తెస్త."

బాబును తూచాను. మూడున్నర కిలోలు. రెండు పేజీలు లెక్క చేసి, ఆ బరువుకు జానెడు సాగే మెత్తని స్ప్రింగు తెచ్చి దూలానికి కట్టాను.

అక్క అత్తగారు చూసి, "మస్తు జేసినవ్ బిడ్డా!" అంది. నేను అరడుగు పెరిగాను. అంతలో నానమ్మ, జాకెట్ ముక్క చుట్టి బొట్టు పెట్టిన పొత్రాన్ని వంటింట్లోంచి మోసుకొచ్చింది.

"గీ నూరే రాయెందుకవ్వా?"

"ఎందుకేందిరా? ముందుగాల రాయి పండాలె. అప్పుడే పిలగాడు రాయోలె గట్టిగుంటడు. నువ్వు గూడ రాయెన్కనే పండినవ్!"

ఆ రాయి పది కిలోలకు తగ్గదు. బాబుకు మూడింతల బరువు, మూడింతల సాగుడు, తొమ్మిదింతల పని! నానమ్మ దాన్ని పడుకోబెట్టగానే తొట్టెల నేలకు ఆనేంతగా దిగిపోయింది. ఆ పనంతా స్ప్రింగులో దాక్కుని కూర్చుందని అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

"అవ్వా, మెల్లగ! తొట్టెలను పట్టుకొని రాయి తియ్యి!"

"నాకే నేర్పుతవారా?" అంటూ నానమ్మ రాయిని గబుక్కున లేపేసింది.

తొట్టెల కప్పు వైపు ఎగిరింది. పోతూ పోతూ అత్తగారి చేతిలోని గుగ్గిళ్ల పళ్లాన్ని కూడా తీసుకుపోయింది. శనగలు తలంబ్రాల్లా ఆవిడ నెత్తిన కురిశాయి. అక్క ముఖం తెల్లబోయింది. ఆమె చేతుల్లోని బాబు మాత్రం ఆవలించాడు.

అత్తగారు కొప్పులోంచి ఒక శనగ తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు సరిపోయింది. లెక్కనే సరిపోలేదు. పో బిడ్డా, తాడు తే."

ఇల్లంతా నవ్వింది, అక్కతో సహా. నేనే తాడు కట్టాను.

ఇప్పుడు కోచింగ్ క్లాసులో స్ప్రింగు లెక్కలు చెప్పేది నేనే. అయినా ఆ పొత్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ తొట్టెల కట్టినా ముందు రాయిని తూస్తాను, ఆ తర్వాతే బిడ్డను.