మొగుడు లేని కథ

పోయిన ఆదివారం శ్రీనివాసపురం లైబ్రరీలో మా ఆవిడ కథల పుస్తకం మీద చిన్న సభ జరిగింది. నేను ఆఖరి వరుసలో, టీ ఫ్లాస్కు పక్కన కూర్చున్నాను. మా వైపు నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని యూనిఫారంతోనే వచ్చిన ఒక అమ్మాయి లేచింది. “అక్కా, ఆ పట్టుపురుగుల కథలో ఆయమ్మ ఒంటిగా ఉండి అంత బాగా మేపతా ఉండాది గదా. పురుగులన్నీ ఏంటికి చచ్చిపోయినాయి?” మా ఆవిడ తాపీగా, “ఆకుకు పొగాకు చెయ్యి తగిలిందమ్మా,” అంది. ఎవరి చెయ్యి అని ఆ పిల్ల అడగలేదు. నేను మాత్రం బిగించి ఉన్న ఫ్లాస్కు మూతనే మళ్లీ బిగిస్తూ కూర్చున్నాను. మా ఆవిడకు తెలియదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

మా మామగారు ఆంధ్ర నుంచి కేజీఎఫ్ వచ్చి బంగారు గనిలో దిగిన మనిషి. ఆయన కూతురు పుట్టి పెరిగింది గని కూలీల ఇళ్ల లైన్లలో, పక్కింటి దగ్గు కూడా మనింటిదే అనిపించే ఒంటి గది కొంపలో. “మా లైన్లో ఒంటిగా ఏడ్చేదానికి గూడా చోటు లేదు,” అనేది. గౌనిపల్లి దగ్గర మా ఊరికి కోడలిగా వచ్చాక ఆమెకు దొరికిన చోటు, పట్టుపురుగుల్ని మేపే గది, మా మాటలో పురుగుల ఇల్లు. పురుగులున్నన్నాళ్లూ మేపే మనిషి తప్ప ఇంకొకరు ఆ గడప తొక్కకూడదు. పొగాకు పురుగులకు విషం, అది ముట్టిన చెయ్యి అసలే పనికిరాదు. మా అమ్మ కూడా బయట నిలబడే పిలిచేది. పురుగుల తట్టలకు మల్బరీ ఆకేసి, తలుపు వేసుకుని, మా ఆవిడ కథలు రాసేది. ఆ కథల్లో ఆడవాళ్లందరూ ఒంటిగా, హాయిగా ఉండేవాళ్లు. మొగుడనేవాడు మొదటి వాక్యానికి ముందే పోయి ఉండేవాడు. అన్ని కథల్లో అన్నిసార్లు చచ్చాక ఎవడికైనా కష్టంగానే ఉంటుంది. అయినా నన్ను కాల్చింది అది కాదు. తలుపు వెనక ఆమె ఒంటిగా నవ్వేది. నా దగ్గర ఎన్నడూ అలా నవ్వలేదు.

ఒక రోజు వాళ్ల నాయనకు ఒంట్లో బాగాలేదని ఆమె కేజీఎఫ్ పోయింది. పురుగులు కుబుసం విడిచే నాలుగో జ్వరం నుంచి లేచి, రేపో మాపో గూడు కట్టబోతున్నాయి. పోతూ, “ఆకు వేసే పోతా ఉండా. సాయంత్రానికి వస్తా. నువ్వు లోపలికి పోవద్దు,” అంది. ఆమె బస్సెక్కగానే పోయాను. పొగాకు నలుపుకుంటూ ఆమె కథల కాగితాలు చదివాను. ఎంత వెతికినా నేను లేను. ఊరికే వచ్చానని నాకే అనిపించకూడదని బుట్టలోని ఆకు తీసి, అదే చేత్తో తట్టలన్నిటికీ చల్లాను. ఆమె వచ్చేసరికి పురుగులు తలలెత్తి పచ్చని నీళ్లు కక్కుతున్నాయి.

మా అమ్మ వాకిట్లో నిలబడి, “కాగితాల్ని మేపింది, పురుగుల్ని మాడ్చింది,” అని ఊరందరికీ వినిపించింది. “రాత పిచ్చిలో ఆకు చూసుకోలేదు,” అని నేనూ అన్నాను. మాట ఊళ్లో నిలిచిపోయింది. గది తాళంచెవి మా అమ్మ కొంగుకు చేరింది. అమ్మ పోయేదాకా మా ఆవిడ మళ్లీ కథ రాయలేదు. ఆ పురుగుల్ని చంపింది నేను. ఊరు తెలుసుకోవాల్సింది ఇదే.

సభ నుంచి వస్తూ బస్సులో అడిగాను, ఆమెకు ఎప్పుడు తెలిసిందని.

“ఆ దినమే. ఆకు బుట్టలో నీ వాసన ఉండె.”

“మరి కథలో నన్నేంటికి పెట్టలేదు?”

ఆమె కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ, “పెట్టింటే కథంతా నీదైపోతుండె గదప్పా,” అంది.

ఇప్పుడు ఇది రాస్తుంటే పురుగుల ఇంట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తోంది. తలుపు వేసే ఉంది. నేను గడపకు ఇవతలే ఉన్నాను. గడిచిన కాలం నా చేత పొగాకు మాన్పించింది గానీ, ఆ నవ్వు మీది అసూయను మాత్రం మాన్పించలేకపోయింది.