దానంతటదే తిరుమలరావు

మా మరిది తిరుమలరావుకి నలభై ఏళ్ళు దాటాయి. ఇంతవరకూ అతను ఏ పనీ చెయ్యలేదు. అలాగని సోమరి కాడు. గజపతినగరంలో మూలపడ్డ కంప్యూటరు ఏదైనా అతని చేతికొస్తే లేచి కూర్చుంటుంది. కానీ 'నేను చేశాను' అన్న మాట మాత్రం ఆ నోట్లోంచి రాదు. "ఎలా బాగుచేశావయ్యా?" అని ఎవరైనా అడిగితే, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా చూసి, "నానేటీ సెయ్నేదండి. దానంతటదే అయిపోనాది" అంటాడు.

ఈ జబ్బు చిన్నప్పటిది. హైస్కూల్లో లక్ష్మీనరసింహం మాస్టారు లెక్కలు చెప్పేవారు. ఒకసారి పరీక్షలో తిరుమలరావు లెక్క చెయ్యకుండా జవాబు మాత్రం రాశాడు, అదీ సరైన జవాబు. "ఎలా వచ్చిందిరా?" అని మాస్టారు బెత్తం తీశారు. "దానంతటదే వచ్చిందండి" అన్నాడు. చేతిమీద వాతలతో ఇంటికొస్తే మా అత్తగారు లబోదిబోమంది. "ఎవల్రా కొట్టినారు?" అంటే, "ఎవలూ కొట్నేదమ్మా. బెత్తం దానంతటదే తగిలీసినాది" అన్నాడట.

పెళ్ళయ్యాక అతని భార్య రాజకుమారి నెల తప్పింది. "ఏట్రా, సల్లని కబురేటి?" అని మా అత్తగారు మురిసిపోతూ అడిగింది. ఈ మహానుభావుడు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. 'దానంత' వరకూ వచ్చేసరికి రాజకుమారి చేతిలో అట్లకాడ గాల్లోకి లేచింది. నుదుటి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎలా వచ్చిందని అడిగితే ఏం చెప్తాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా షాపు రెండు వాటాలు. కింద జెరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు నావి. మేడ మీద రేకుల గది తిరుమలరావుది. పట్టపగలు కూడా ఆ గదిలోకి వెళ్ళాలంటే నాకు మనసొప్పదు. గోడ పొడుగునా నల్లటి తెరలు, వాటిలో మన మొహమే మసకమసగ్గా కనిపిస్తుంది. ఏ మూలో ఒక పచ్చ దీపం వెలిగి ఆరుతుంటుంది. గది తలుపు సందువైపు ఉంటుంది. సందు అవతల నారాయణమ్మ గారి మేడ. ఆ గది తలుపులో నిలబడి మాట్లాడితే అవతల కిటికీలో ఉన్నవాళ్ళకి గొంతు పెంచకుండానే వినపడుతుంది.

ఆ కిటికీలోకే కిందటి వానాకాలం లక్ష్మీనరసింహం మాస్టారు వచ్చి చేరారు. ఆయన భార్య లక్ష్మీకామేశ్వరి గారు పోయారు. ఊళ్ళో సగంమంది ఆడపిల్లలకి సంగీతం నేర్పిన మనిషి. నాకూ నేర్పారు. నాకు రాలేదు, అది ఆవిడ తప్పు కాదు. ధనిష్ఠా పంచకంలో పోయిందనీ, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలనీ పురోహితుడు చెప్పాడు. మాస్టారు సొంతింటికి తాళం వేసి, ఒక చాపా ఒక మంచినీళ్ళ చెంబూ పట్టుకుని నారాయణమ్మ గారి మేడ ఎక్కారు. అలాంటి చావు జరిగిన ఇంటివాళ్ళకి ఊళ్ళో ఇంకెవరూ గది ఇవ్వలేదు. నారాయణమ్మ గారు కూడా గుమ్మానికి నిమ్మకాయలు కట్టాకే ఇచ్చారు.

వచ్చిన దగ్గర్నుంచి మాస్టారు తినడం మానేశారు. ఉల్లిపాయ కూడా వెయ్యకుండా వండి నేను క్యారేజీ పంపేదాన్ని. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చేది. "కొంచెం ఎంగిలిపడండి మాస్టారూ" అని బతిమాలితే, "అలాగేనమ్మా" అనేవారు, అంతే. పెళ్ళయిన నాటినుంచి కామేశ్వరి గారు వంటింట్లోంచి కేకేసి నాలుగు చివాట్లు పెడితే గానీ ఆయనకి ఆకలి తెలిసేది కాదు. ఇప్పుడా కేక లేదు. లాల్చీ భుజాల మీంచి జారిపోతోంది. ఇలాగే ఉంటే ఆరు నెలలు తిరక్కుండానే ఈయన కూడా వెళ్ళిపోతారని ఊరంతా అనుకుంటోంది. నేనూ అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న మా షాపు మేడ మెట్ల మీద కామేశ్వరి గారి మంచం కనిపించింది. జబ్బుపడి ఆవిడ ఆఖరిదాకా పడుకున్న నవారు మంచం. దాన్ని ఊరి చివర పారేశారు కూడాను.

"తిరుమలా, పోయిన మనిషి మంచం షాపులోకి ఎవలైనా తెస్తారేటయ్యా?"

"నాను తేనేదొదినా. దానంతటదే వచ్చీసినాది."

"నడిసొచ్చినాదేటి?"

తిరుమలరావు మంచంకేసి చూసి, "నాలుగు కాళ్ళున్నాయి కదొదినా" అన్నాడు.

రెండ్రోజుల పాటు పైన రంపం చప్పుడు. ఆ తర్వాత నన్ను పిలిచి, "ఓపాలి ఇలగ గోడకి ఆనుకుని నిలబడొదినా" అన్నాడు. నిలబడ్డాను. మంచం పట్టె ఒకటి నా పక్కన ఆనించి, తల దగ్గరా భుజాల దగ్గరా మోకాళ్ళ దగ్గరా పెన్సిలుతో గీతలు పెట్టాడు. పాడెకి కొలత తీస్తున్నట్టుంది. "నా ఎత్తు నీకెందుకయ్యా?" అన్నాను. "నీదీ టీచరమ్మదీ ఒకటే ఎత్తు కదా" అన్నాడు, అదేదో సమాధానమైనట్టు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఎవరిదో ఆధార్ కార్డు జెరాక్సు తీస్తున్నాను. మెట్ల మీంచి గొంతు వినిపించింది. "ఏవండీ." అంతే. తర్వాత ఏమీ లేదు. ఆ పిలుపు నాకు తెలుసు. స్వరం తప్పు పాడినప్పుడు ఆ గొంతే నా చెవి మెలిపెట్టింది. మిషను కాపీల మీద కాపీలు వదులుతూనే ఉంది, ఆపాలని నాకు తోచలేదు. పైకి వెళ్ళి చూస్తే తిరుమలరావు ఒక్కడే నట్లు బిగిస్తున్నాడు.

"ఏటా గొంతు?"

"ఏ గొంతొదినా?"

"టీచరమ్మది."

"అదా," అన్నాడు స్పానరు తిప్పుతూ, "దానంతటదే వస్తంది."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ రోజు నుంచి షాపులో భక్తి పాటలు పెట్టుకున్నది ఊరికే, కాలక్షేపానికి.

కూరల కొండబాబుకి మాత్రం నమ్మకం ఉంది. ఆ సాయంత్రం దీపాలవేళ సందులోంచి తోపుడుబండి తోసుకుపోతూ తల ఎత్తి చూశాడు. రేకుల గది తలుపు తెరిచి ఉంది. లోపల చీకట్లో రెండు పాదాలు. పసుపు పాదాలు, వేళ్ళకి మట్టెలు. పైన మనిషి లేదు. బండి అక్కడే వదిలేసి నా షాపులోకి వచ్చిపడ్డాడు. టమాటాలు మెయిన్ రోడ్డు దాకా దొర్లిపోయాయి.

"అక్కా, అమ్మగారి కాళ్ళక్కా. ఎనక్కి తిరిగీసి ఉన్నాయి."

"నీ కళ్ళే తిరిగీసుంటాయి. కూకో, నీళ్ళు తాగు" అన్నాను. నీళ్ళు పోసిచ్చి, భక్తి పాటల సౌండు ఇంకాస్త పెంచాను.

మర్నాటికి ఊరంతా పాకిపోయింది. కామేశ్వరి గారు మొగుణ్ణి తీసుకుపోవడానికి సందులోకి వచ్చిందన్నారు. నారాయణమ్మ గారు నా దగ్గరికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"అనూరాదా, మాస్టారిని కాళీ సేయించమ్మా. మంచోడే, నాను కాదన్ను. ఆ మహాతల్లి ఎనకాలే వచ్చీసినాది. రేపు నా ఇంట్లో దూరితే నానెక్కడికెల్తాను?"

"ఆయనెక్కడికెల్తారు పిన్నీ? సొంతింటికి తాళం. ఊర్లో ఎవలూ గదివ్వరు."

"అదీ నిజమే గానీ నా పేనం సంగతేటి?"

చూడకుండా దయ్యమని తేల్చేస్తే ఎలాగ అని ఆవిణ్ణి ఒప్పించి, దీపాలవేళకి ఇద్దరం మా షాపు మేడ మెట్లెక్కాం. నారాయణమ్మ గారి ఒక చేతిలో వేపమండ, ఒక చేతిలో చెప్పు. నేను ముందు నడిచాను, ఆవిడ నా కొంగు పట్టుకుని వెనక నడిచారు.

గదిలో చీకటి. తలుపుకెదురుగా నిలువునా ఏదో ఉంది, సరిగ్గా నా ఎత్తు. టిక్కుమని చప్పుడైంది. నేల దగ్గర పాదాలు వెలిగాయి. ఈసారి తిన్నగానే ఉన్నాయి. తర్వాత నడుము, దాని మీద ఆవిడ కట్టే పొందూరు నేత చీర. ఆఖరికి మొహం. భుజాల కింద ఒక నల్ల పట్టీ, మోకాళ్ళ దగ్గర ఒక నల్ల పట్టీ, మనిషి మూడు ముక్కలుగా నిలబడి ఉంది. మొహం అటు తిరిగింది. ఒక క్షణం ఆగి నడుము తిరిగింది. ఇంకో క్షణం ఆగి పాదాలు తిరిగాయి. నారాయణమ్మ గారి చేతిలోంచి చెప్పు జారి నా కాలి మీద పడింది.

"ఏవండీ, ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని? చారు చల్లారిపోతోంది. ఆ పేపరు అవతల పారేసి కంచం ముందు కూర్చోండి."

సందు అవతల కిటికీలో మాస్టారు కనిపించారు. ఆయన ముందు నేను పంపిన క్యారేజీ. "వస్తున్నానే, అరవకు" అన్నారు. అని కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నారు. ఆయన తింటున్నారు.

మూల స్విచ్చుల దగ్గర తిరుమలరావు నక్కి ఉన్నాడు. చెవి పట్టుకుని వెలుగులోకి లాగాను. అప్పుడు దాన్ని సరిగ్గా చూశాను. పాత మానిటర్లు మూడు పక్కకి తిప్పి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు. మంచం పట్టెలు రెండూ నిలువు గుంజలు. మంచం కోళ్ళు అడుగున పీట. మానిటర్ల వెనక ఇనప పట్టీలు, నట్లు. వైర్లన్నీ నవారుతో కట్టాడు. బరువుకి ముందుకి తూలకుండా అడుగున రుబ్బురోలు పొత్రం. నిన్న కింది మానిటరొక్కటే వెలిగించాడు, అదీ తలకిందులుగా బిగించి. కొండబాబు ఝడుసుకున్నది అందుకే.

బొమ్మలెక్కడివో నాకే గుర్తొచ్చింది. కరోనా రోజుల్లో ఆవిడ పిల్లలకి ఫోన్లోనే సంగీతం చెప్పారు. మోకాళ్ళు వంగవని నిలబడే చెప్పేవారు. కెమెరా బిగించిపెట్టింది తిరుమలరావే. ప్రతి పాఠంలోనూ మధ్యలో ఆపి మాస్టారిని కేకలేసేవారు. ఇతను ఆ పాఠాల రికార్డుల్లోంచి సంగీతమంతా కోసేసి, చివాట్లు మాత్రం ఏరి దాచాడు.

"ఫోన్లో సూపిస్తే సరిపోదేటయ్యా? ఇంత సేయాలా?"

"సూపించినానొది..." అని నాలిక కరుచుకుని, "ఫోన్లో కనపడ్డాదొదినా. సిన్నగా ఉన్నాది. సిన్నగా ఉంటే మాస్టారు బయపడరు" అన్నాడు.

నారాయణమ్మ గారు వేపమండ అవతల పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. "మాస్టారిని ఉండమను. పోయినావిడ మాట వింటన్నాడు. మా ఇంట్లో బతికున్న నా మాట ఎవలు వింటన్నారు" అని మెట్లు దిగిపోయారు.

అలా రెండు నెలలు బాగా గడిచింది. మాస్టారి బుగ్గలకి కాస్త కండ పట్టింది. అంతలో సముద్రంలో వాయుగుండం పడింది. పొద్దున్నే కరెంటు పోయింది. గాలికి రేకులు లేచి పడుతున్నాయి. తిరుమలరావు యూపీఎస్ కాసేపు కుయ్యిమని ఏడ్చి ఊరుకుంది. రోజంతా ఆవిడ పిలవలేదు, మాస్టారు కంచం ముట్టలేదు. దీపాలవేళకి క్యారేజీ పట్టుకుని నేనే నారాయణమ్మ గారి మేడెక్కాను. కొవ్వొత్తి వెలుగులో ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్న నల్లటి తెరలకేసి చూస్తున్నారు.

"తినండి మాస్టారూ" అన్నాను.

"ఉండమ్మా. అది పిలవనీ" అన్నారు.

గాలి ఒక్కసారి విసిరింది. అవతల తలుపులో నల్లటి తెరల పక్కనుంచి ఒక ఆకారం ముందుకొచ్చింది. తిరుమలరావు. తడిసి ముద్దయ్యాడు. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు, లెక్కల పిరియడులో బెత్తం చూసినప్పటిలాగే.

"ఏటండీ మాస్టారూ ఇది," అని అరిచాడు. "పొద్దున్నుంచి కంచం అలగే ఉన్నాది. ఎన్నిసార్లు సెప్పాలి మీకు? సిన్నపిల్లోడేటి? సారు సల్లారిపోతన్నాది. తిన్నగా కూకుని తినీండి."

ఆ మాస్టారిని కసిరినవాడు ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. నేను గోడకి అతుక్కుపోయాను.

"ఎవడ్రా అది?" అన్నారు మాస్టారు.

అతను ఏమంటాడో నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఒకటే మాట. తిరుమలరావు గుమ్మం దాకా ఇంకో అడుగు ముందుకేశాడు.

"నానండి. తిరుమలరావుని. నానే సెప్తన్నాను. మంచం నానే మోసుకొచ్చినాను. కోసింది నానే, కట్టింది నానే. ఇదంతా నానే సేసినాను. మీరు తినకపోతే నాను ఊరుకోను."

మాస్టారు కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగారు.

"నువ్వేనని నాకు తెలీదట్రా? మూడు ముక్కల మనిషిని చూసి నిజమనుకుంటానా? బతిమాలేవాళ్ళు బోలెడుమంది ఉన్నార్రా తిరుమలరావూ. కసిరేవాళ్ళే లేకుండా పోయారు" అన్నారు. కంచం దగ్గరికి లాక్కున్నారు. ఒక ముద్ద తిని నావైపు తిరిగి, "అనూరాధా, పప్పులో ఉప్పేదమ్మా?" అని గదిమారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. అవతల పాదాలు వెలిగాయి. నడుము వెలిగింది. మొహం వెలిగింది.

"ఏవండీ, ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని?"

మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఎడమచెయ్యి ఎత్తి ఆపారు.

"ఉండవే, తింటున్నాను కదా. కుర్రాడు చెప్పాడులే."